పాత బండి ముల్లు మీటరు: చాలా ఏళ్లు వాడినాక

మా నాన్న కొని, నడిపి, చివరికి నాకు వదిలిన హండ్రెడ్ సీసీ బండి ఇది. ఇంజను గురించి, మైలేజీ గురించి కొత్తగా చెప్పేదేం లేదు, ఆ తరం బళ్లు నడిపినోళ్లందరికీ తెలిసిందే. నాకు దాంట్లో అన్నిటికన్నా నచ్చింది హ్యాండిల్ మధ్యలో ఉండే గుండ్రటి మీటరు. నవ్వకండి. ఈ బండికి పెట్రోలు ముల్లు లేదు, ట్యాంకు కింద కుళాయి తిప్పి రిజర్వులో పెట్టుకునే రకం. ట్యాంకులో ఎంతుందో తెలియాలంటే కిలోమీటర్ల అంకెలే దిక్కు. బంకులో కొట్టించినప్పుడు అంకె గుర్తుపెట్టుకుని, ఇంకెంత దూరం లాగుతుందో లెక్కేసుకుంటా. మీటరు ఆగితే వేగం తెలియదనే బాధ లేదు. మా కడప ఏడురోడ్ల దగ్గర ఆ రద్దీలో ఎవరు ఎంత వేగంగా పోగలరు? పెట్రోలు లెక్క తప్పుతుంది, అదీ నా బాధ.

దీని మీద నాకింత మోజు ఎందుకంటే, పాడైతే ఎక్కడ పాడైందో తానే చెప్తుంది. ముందు చక్రం హబ్బులో చిన్న గేరు, అక్కణ్నించి నల్లటి గొట్టంలో తిరిగే తీగ (ఈ రెండూ కలిపి కేబుల్ అంటాం), పైన మీటరు, అంతే సరంజామా. ముల్లుకూ అంకెలకూ తిప్పే తీగ ఒకటే, లోపలికి పోయినాక దారులు వేరు. అంకెలను పళ్ల చక్రాలు తిప్పుతాయి. ముల్లును మాత్రం ఏ పళ్లూ పట్టుకోవు. తీగతో పాటు ఒక అయస్కాంతం తిరుగుతుంది, దానికి తగలకుండా పైన అల్యూమినియం గిన్నె ఉంటుంది, ముల్లు ఆ గిన్నెకే బిగించి ఉంటుంది. అయస్కాంతం తిరిగేకొద్దీ గిన్నెలో ఎడ్డీ కరెంటు, అంటే సుడులు తిరిగే కరెంటు పుట్టి గిన్నెను కూడా అటే లాగుతుంది, సన్నటి స్ప్రింగేమో వెనక్కి లాగుతుంది. ఆ రెండూ సరితూగిన చోట ముల్లు నిలబడుతుంది. 1902లో ఒట్టో షుల్జ్ అనే జర్మన్ పేటెంటు తీసుకున్న ఉపాయం ఇది. నూరేళ్లు దాటినాక కూడా మన బళ్లలో అదే నడిచింది.

అందుకే జబ్బు కనిపెట్టడం తేలిక. ముల్లూ అంకెలూ రెండూ ఆగితే తీగ తెగింది, లేదా హబ్బు గేరు అరిగింది. ముల్లు లేస్తా ఉండి అంకెలు కదలకపోతే లోపల ప్లాస్టిక్ పళ్లు పోయినాయి. అంకెలు తిరుగుతా ముల్లు పడుకునే ఉంటే గిన్నె దగ్గరో స్ప్రింగు దగ్గరో తేడా. ముల్లు ఊగుతుంటే తీగ ఎండిపోయింది, లేదా గొట్టం ఎక్కడో నలిగింది. తప్పు కిందుందా పైనుందా తేల్చుకోవడానికి పానా కూడా అక్కర్లేదు. మీటరు కింద గుండ్రటి నట్టు చేత్తో విప్పి, డబుల్ స్టాండేసి, వెనక ఒకరిని కూర్చోబెట్టి ముందు చక్రం లేపి తిప్పితే కేబుల్ కొసన చదరపు మొన తిరగాలి. తిరిగిందంటే కింద అంతా బాగున్నట్టే.

ఇక అసలు కథ. కొన్నేళ్ల కిందట ముల్లు ఊగడం మొదలైంది. బండి 40లో పోతుంటే ముల్లు 30కీ 50కీ మధ్య ఆడేది, పైగా కిచకిచమని శబ్దం. ఊళ్లోనే ఒక షాపులో చూపిస్తే, కేబుల్ ఎండిపోయిందని గొట్టం నిండా గ్రీజు కూరి ఇచ్చినాడు. జబ్బు సరిగ్గానే చెప్పినాడు, మందే ఎక్కువేసినాడు. కొన్నాళ్లు ముల్లు కదలక మెదలక నిలబడింది, శబ్దం కూడా పోయింది. అప్పట్లో ఆ షాపును నలుగురి దగ్గర మెచ్చుకున్నా కూడా.

తర్వాత ఒకసారి రాయచోటిలో పెళ్లికి పోయి వస్తున్నాం. గువ్వలచెరువులో ఆగి పాలకోవా కట్టించుకుని ఘాట్ దిగుతున్నాం. ముందర లోడు లారీ ఒకటి మలుపు మలుపుకూ బ్రేకు కొడతా దేకుతోంది, దాని వెనక నేను సెకండు గేరులో. ఉన్నట్టుండి ముల్లు 60కి లేచింది. చూస్తుండగానే 80 దాటి, చివరి అంకె దగ్గర పోయి ఆనుకుంది. మా ఆవిడ నా భుజం మీంచి చూసి, "ఈ మలుపుల్లో అంత స్పీడేంది? నిదానంగా పోండి" అంది. పక్కన నడిచిపోయే మనిషి మాకన్నా ముందున్నాడు. ఘాట్ దిగి కడప చేరి, ఇంటి ముందర బండి ఆపినాక కూడా ముల్లు సున్నా దాకా రాలేదు.

పాత బస్టాండు దగ్గర మీటర్ల పని చేసే భాయ్ ఒకాయన ఉన్నాడని తెలిసి తీసుకుపోయినా. ఆయన బండి స్టార్టు కూడా చెయ్యనీలేదు. కేబుల్ పై నట్టు విప్పి, మొన మీద వేలు పెట్టి తుడిచి చూపించినాడు, నల్లటి జిడ్డు. "తీగ మెలికలు చూసినావా అన్నా? తిరిగేకొద్దీ గ్రీజును పైకి ఎక్కిస్తా పోతాది, బోరు మోటారు లెక్క. నువ్వు గొట్టంలో పోసిందంతా మీటర్లోకి చేరుండాది" అన్నాడు. పోసింది నేను కాదని చెప్పినా, ఆయన వినిపించుకోలేదు.

డబ్బా వెనక స్క్రూలు తీసి, అద్దం పక్కన పెట్టి, ముల్లును వేలి కొసతో సున్నా దగ్గరికి తెచ్చి, అది నిలిచే చోట పెన్సిలుతో చుక్క పెట్టుకున్నాడు. ఆ తర్వాతే ముల్లు ఊడదీసినాడు. ఆ చుక్క లేకుండా తీస్తే మళ్లీ ఎక్కడ గుచ్చాలో దేవుడికే తెలియాలంట. అయస్కాంతానికీ గిన్నెకూ మధ్య సందు చాలా సన్నం, దాన్నిండా గ్రీజు. గిన్నె అయస్కాంతానికి అంటుకుపోయి దాంతో పాటే తిరగబోతే ఆ చిన్న స్ప్రింగు ఏం ఆపుతుంది? చెవి దూదిపుల్లలు స్పిరిట్లో ముంచి, ఒక్కో పుల్లతో ఒక్కో పక్క తుడిచి, నల్లబడగానే పారేసి ఇంకోటి తీసుకున్నాడు. పెట్రోలు వాడకూడదా భాయ్ అంటే, "డయల్ మీద అంకెలు కూడా పోతాయన్నా" అన్నాడు. స్ప్రింగు జోలికి అసలు పోలేదు. తీగ దూరే బుష్షులో కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేసినాడు. కేబుల్లోంచి తీగ పూర్తిగా లాగి గుడ్డతో తుడిచి, కింది భాగానికి మాత్రం పలచగా గ్రీజు పట్టించి, మీటరు వైపు జానెడు పొడిగా వదిలేసినాడు. తెగిన పాత తీగ ముక్క ఒకటి మీటరు వెనక గుచ్చి వేళ్లతో గిర్రున తిప్పితే ముల్లు లేచింది, వదిలితే చక్కగా వచ్చి పెన్సిలు చుక్క మీద నిలిచింది. బిగించేటప్పుడు హ్యాండిల్ ఆ చివరికీ ఈ చివరికీ తిప్పి, గొట్టం ఎక్కడా బిగుసుకోలేదని చూసుకున్నాడు. కొత్త మీటరుకయ్యే దాంట్లో పావు వంతు కూడా తీసుకోలేదు.

చింతకొమ్మదిన్నె వైపు మా చేనికి పోతూ ఫోనులో జీపీఎస్ పెట్టి చూసుకున్నా. మీటరు 50 అంటే ఫోను 46, 47 అంటోంది. అది జబ్బేం కాదు. నిజం కన్నా తక్కువ చూపకూడదని ఈ మీటర్లను కాస్త ఎక్కువ చూపేట్టే చేస్తారు. టైరు అరిగితే చక్రం చుట్టుకొలత తగ్గి తేడా ఇంకొంచెం పెరుగుతుంది.

పాడైన చోటు తానే చెప్తుందని పైన అన్నా గానీ, ఒక్క దాంట్లో మాత్రం ఇది మోసం చేస్తుంది. మా చేని దారి అంతా కంపచెట్లు, ముందు చక్రం పంచరు మామూలే. పంచరు షాపులో చక్రం తిరిగి బిగించేటప్పుడు హబ్బు గేరు లోపలి రేకు చెవులు సరిగ్గా గాడిలో కూర్చోవాలి. కూర్చోకుండానే యాక్సిలు నట్టు బిగిస్తే చెవులు వంగిపోతాయి. అప్పుడు మీటరు పూర్తిగా ఆగదు, కాసేపు పనిచేస్తుంది, కాసేపు చెయ్యదు. అచ్చం తీగ పోయినట్టే ఉంటుంది. మంచి కేబుల్ పారేసి కొత్తది వేయించుకున్నోళ్లను చూసినా. పంచరు వేయించినాక వచ్చిన రోగమైతే ముందు హబ్బు విప్పి చూడమనండి.

అంకెల మీద కూడా నాకు మునుపున్నంత నమ్మకం లేదు. తీగ తెగి ఉన్నన్నాళ్లు తిరిగిన దూరం ఏ లెక్కలోనూ లేదు. మా నాన్న కాలంలో ఎన్నిసార్లు తెగిందో ఎవరికి తెలుసు? పెట్రోలుకైతే పనికొస్తుంది, బండి మొత్తం ఎంత తిరిగిందో ఆ అంకె చూసి చెప్పలేను. ఈ రకం పాత బండి కొనబోయేవాళ్లు కూడా ఆ అంకెను పట్టించుకోవద్దు. రాత్రిపూట మీటరు లోపలి బల్బు వెలుతురు ఉన్నా లేనట్టే. దొరికే కేబుళ్లలో కూడా చాలావరకు డూప్లికేట్లే, కొన్నిటి చదరపు మొన కొన్నాళ్లకే అరిగి గుండ్రమవుతుంది.

మా మేనల్లుడి బండికి డిజిటల్ మీటరు, సెన్సారుతో నడుస్తుంది. వాడు కొన్నప్పట్నించి దాని మీద చెయ్యి వెయ్యలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. పోతే సెట్టు మొత్తం మార్చాలంట, ఇంకా పోలేదు కాబట్టి ఖర్చు ఎంతో వాడికీ తెలియదు. నాకు ఊళ్లో తిరుగుడు, చేనికి పోయి రావడం, ఎప్పుడన్నా రాయచోటి, అంతే. ఎండాకాలం ముందర ఒక పొద్దున కూర్చుని తీగ లాగి తుడుచుకునే ఓపిక ఉంది, నడిచిపోయే దూరంలో భాయ్ ఉన్నాడు. రోజూ ప్రొద్దుటూరు పోయి వచ్చే ఉద్యోగమైతే ఈ మీటరును ఇంత మెచ్చుకునేవాణ్ని కాదేమో. ఉంచుకునేవాళ్లు మాత్రం కేబుల్ కొనబోయేటప్పుడు పాతది విప్పి చేతిలో పట్టుకుపోండి. పొడుగూ రెండు కొసల నట్లూ పక్కన పెట్టి సరిచూసుకుని తీసుకోండి, బండి పేరు చెప్తే షాపోడు ఏదో ఒకటి చేతిలో పెడతాడు.