తెల్లతోక జింకలపై .308 తూటాలు: దగ్గర ఒక తీరు, దూరాన ఇంకో తీరు

టెక్సాస్‌లో హిల్ కంట్రీ అని పిలిచే కొండసీమలో, లానో పట్టణం పరిసరాల్లో, ఏటా నవంబరులో సీజన్ తెరవగానే జింకల వేటకు వెళ్తుంటాను. తుపాకీ మొదటి నుంచీ ఒక్కటే: .308 వించెస్టర్ బోల్ట్ రైఫిల్ (.308 అంటే అంగుళాల్లో తూటా అడ్డుకొలత, బోల్ట్ అంటే ప్రతిసారీ చేత్తో తూటా ఎక్కించేది), 20 అంగుళాల గొట్టం. తూటాలే మారుతూ వచ్చాయి. కొత్తగా వేట మొదలుపెట్టే తెలుగువాళ్లు ఏ రైఫిల్ కొనాలి, ఏ స్కోప్ పెట్టాలి అని నన్ను అడుగుతుంటారు. తూటా సంగతి మాత్రం ఎవరూ అడగరు. దుకాణంలో తగ్గింపు ధరకు ఏ పెట్టె ఉంటే అది తెచ్చేసుకుంటారు. చివరికి జింకకు తగిలేది అదొక్కటే కదా!

ఇన్నేళ్ల వాడకంలో నాకు తేలింది ఇది. తూటా మంచిదా చెడ్డదా అన్నది పేరును బట్టి చెప్పలేం, జింకను తాకే క్షణంలో దాని వేగం ఎంతో తెలిస్తేనే చెప్పగలం. ఒకే తూటా 40 గజాల్లో ముక్కలైపోవచ్చు, 150 గజాల్లో చక్కగా విచ్చుకోవచ్చు (అంటే ముక్కు పువ్వులా వెడల్పై గాయాన్ని పెద్దది చేయవచ్చు), 350 గజాల్లో విచ్చుకోకుండానే అవతలికి దూసుకుపోవచ్చు.

అంకెల్లో చెప్తాను. రెమింగ్టన్ కోర్-లోక్ట్ 1939 నుంచి ఉన్న తూటా. రాగి తొడుగు, లోపల సీసం, ముక్కు దగ్గర సీసం బయటకు కనిపిస్తుంది. .308లో 150 గ్రెయిన్ల రకానికి, అంటే 9.7 గ్రాములకు, కంపెనీ పట్టికలో గొట్టం మూతి దగ్గర వేగం సెకనుకు 2,820 అడుగులు. 100 గజాలకు 2,533, 200 గజాలకు 2,263, 300 గజాలకు 2,009. ఇవి 24 అంగుళాల పరీక్ష గొట్టంతో కొలిచిన అంకెలు. నా పొట్టి గొట్టంలో అదే తూటా 2,720 దరిదాపుల్లోనే వస్తుందని క్రోనోగ్రాఫ్ (తూటా వేగం కొలిచే పరికరం) పెట్టి చూసుకున్నాను. అంటే కంపెనీ లెక్కలో 35 గజాలు ప్రయాణించిన తూటా ఎంత వేగంతో ఉంటుందో, నా రైఫిల్ మూతి దగ్గర అంతే ఉంటుందన్నమాట. కొండసీమలో దీనివల్ల నష్టమేమీ లేదు. నిజానికి దగ్గరి గురికి ఆ తగ్గిన వేగమే మేలు చేస్తుంది.

మా మంచెకూ, జింకలను రప్పించడానికి మొక్కజొన్న చల్లే డబ్బాకూ మధ్య దూరం దాదాపు 90 గజాలు. ఓక్ చెట్ల మధ్య నుంచి వచ్చే జింక ఒక్కోసారి 40 గజాల్లోనే నిలబడుతుంది. ఇక్కడి తెల్లతోక జింకలు చిన్నవి, పోతు జింక కూడా చాలాసార్లు 50, 60 కిలోలకు మించదు. పక్కటెముకలు పలచన. ఇంత చిన్న ఒంట్లో తూటాకు పని చేసే చోటు అడుగు మందం కూడా ఉండదు. ఆ అడుగులోనే విచ్చుకోవాలి, ఊపిరితిత్తులు చిదపాలి, వీలైతే అవతలి వైపు రంధ్రం చేసి పోవాలి. రెండో రంధ్రం ఉంటే నెత్తుటి జాడ దొరుకుతుంది. సీడర్ పొదల్లో సాయంకాలం జింకను వెతికినవాళ్లకు ఆ రంధ్రం విలువ తెలుసు.

కొంతకాలం ప్లాస్టిక్ మొన, పలచని తొడుగు ఉన్న తూటా వాడాను. ఏ కంపెనీదో చెప్పను, ఆ జాతి మొత్తానికీ ఇదే గుణం. రేంజిలో (గురి సాధన చేసే చోట) కాగితం మీద అద్భుతం, మూడు రంధ్రాలూ ఒకదాన్నొకటి తాకుతాయి. దక్షిణ టెక్సాస్‌లో మెస్కిట్ పొదలు (మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టాలే) కొట్టి తీసిన నిలువు బాటలను సెండెరోలు అంటారు. అక్కడ 250 గజాల్లో ఆ తూటాతో కొట్టిన జింక ఉన్నచోటే కూలింది, మాంసం కూడా పెద్దగా చెడలేదు. అదే తూటా మా మంచె దగ్గర, 50 గజాల్లో, జబ్బ ఎముకను తాకితే కథ వేరు. చర్మం ఒలిచి చూస్తే జబ్బ మొత్తం నెత్తురు గడ్డలతో నల్లబడి ఉంది. ఎముక చిప్పలు, రాగి తునకలు కండలోకి దిగిపోయాయి. అవతలి వైపు రంధ్రమే లేదు. జింక చచ్చింది, సందేహం లేదు. కానీ ముందు కాళ్ల మాంసంలో సగం పారేయాల్సి వచ్చింది. మాంసం కోసం వేటాడేవాడికి ఇది చిన్న సంగతి కాదు. తూటాను తప్పు పట్టలేం. సెకనుకు 2,600 అడుగుల వేగంతో గట్టి ఎముకను గుద్దితే పలచని తొడుగు తట్టుకోదు, దూరాన తగ్గిన వేగంలోనూ విచ్చుకోవాలనే దాన్ని అంత పలచగా చేశారు.

ఈ గొడవ కొత్తది కూడా కాదు. 1946లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఒక మూస్‌ను (భారీ దుప్పి జాతి) కొట్టబోయిన జాన్ నోస్లర్ అనే వేటగాడికి అప్పటి తూటాలు లోపలికి దిగకుండా పైనే చిట్లిపోవడం ఎదురైంది. ఆయన తూటా మధ్యలో రాగి అడ్డుగోడ పెట్టి, ముందు భాగం విచ్చుకున్నా వెనక భాగం చెక్కు చెదరకుండా ఉండేలా చేశాడు. 1948 నుంచి అమ్ముతున్న పార్టిషన్ అదే. నేను దాన్ని రెండు సీజన్లు వాడాను. 40 గజాల్లోనూ 200 గజాల్లోనూ దాదాపు ఒకేలా పనిచేసింది. ధర ఎక్కువ, చాలాసార్లు దుకాణంలో దొరకదు. దొరికితే కొనుక్కోండి, ఆలోచించక్కర్లేదు.

కోర్-లోక్ట్ లాంటి మామూలు తూటాల గురించి చిన్నచూపు వద్దు. 60 నుంచి 200 గజాల మధ్య, జబ్బ వెనక, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర గురిపెడితే, ఇంతకంటే కావాల్సింది లేదు. జింక ఒక్కసారి వెనక కాళ్లు ఝాడించి పరుగందుకుంటుంది, యాభై అరవై గజాల్లో పడిపోతుంది. గడ్డి మీద నురగతో కూడిన లేత ఎరుపు నెత్తురు కనిపిస్తే ఊపిరితిత్తులకు తగిలినట్టే. ఒకసారి అవతలి చర్మం కింద చిక్కుకున్న తూటాను తీసి వంటింటి త్రాసులో పెట్టాను. 9.7 గ్రాముల్లో 6.2 మిగిలాయి. మిగతాదంతా జింక ఒంట్లోనే ఉండిపోయిందని అర్థం.

ఆ మిగతాదే నన్ను రాగి వైపు తిప్పింది. అమెరికాలోనే మిన్నెసోటా రాష్ట్ర ప్రకృతి వనరుల శాఖ 2008లో గొర్రెల కళేబరాల మీద రకరకాల తూటాలు కాల్చి ఎక్స్‌రేలు తీస్తే, సీసం తునకలు గాయానికి చాలా దూరం దాకా చెదిరి కనిపించాయి. కంటికి కనబడవు, పంటికి తగలవు. పసిపిల్లలున్న ఇంట్లో ఈ మాట విన్నాక మా ఆవిడ ఊరుకుంటుందా? "సీసమున్న మాంసం నా వంటింట్లోకి తేవద్దండీ" అంది. కాలిఫోర్నియాలోనైతే 2019 జులై 1 నుంచి వేటలో సీసం తూటాలు పూర్తిగా నిషేధం. అక్కడ ముఖ్యంగా, సీసం తునకలున్న కళేబరాలు తినే కాండర్ రాబందులను కాపాడటానికి. టెక్సాస్‌లో అలాంటి నిషేధం లేదు, మా ఇంట్లో ఉంది.

అప్పటి నుంచి బార్న్స్ టీటీఎస్‌ఎక్స్, 150 గ్రెయిన్లు. మొత్తం రాగి, ముక్కులో గుంట, దాని మీద నీలం మొన. తగలగానే ముక్కు నాలుగు రేకులుగా వెనక్కి విచ్చుకుంటుంది, ముక్కలు కాదు. 45 గజాల్లో జబ్బ గుండా వెళ్లినా బొటనవేలు పట్టేంత రంధ్రం చేసి అవతలికి పోయింది, చుట్టూ మాంసం అంగుళం పాటు తప్ప చెడలేదు. దగ్గరి వేటకు నేను వాడినవాటిలో ఇదే మొదటి స్థానం. లోపం దూరంలో తెలుస్తుంది. రాగి విచ్చుకోవాలంటే వేగం కావాలి. సెకనుకు 2,000 అడుగులకు తగ్గితే నాకు నమ్మకం చాలదు. నా పొట్టి గొట్టం నుంచి అది 300 గజాల వరకు సరిపోతుంది, ఆ పైన వద్దు. ఇంకో సంగతి, పక్కటెముకల మధ్య నుంచి మాత్రమే వెళితే జింక సీసం దెబ్బకు పరుగెత్తినదానికంటే కాస్త ఎక్కువ దూరం పోతుంది. అందుకే రాగితో నేను గురిని రెండు అంగుళాలు ముందుకు జరిపి జబ్బ ఎముక మీదే పెడతాను. సీసంతో ఆ పని చేయను.

ఈ రాగి తూటాకు అసలు పరీక్ష పెట్టింది చుక్కల జింక. మన అడవుల్లోని ఆ జింకనే 1932లో టెక్సాస్‌కు తెచ్చి వదిలారు, ఇప్పుడు కొండసీమ నిండా మందలున్నాయి. ఇక్కడ దానికి సీజన్ లేదు, ఏడాది పొడవునా కొట్టవచ్చు. నేను కొట్టిన ఒకదాని ఫొటో చూసి కరీంనగర్ నుంచి మా తమ్ముడు కంగారుగా ఫోన్ చేశాడు: "అన్నయ్యా, ఇది మన రాష్ట్ర జంతువు కదా, జైల్లో వేయరా?" అక్కడైతే వేస్తారు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం. ఇక్కడ లైసెన్సూ, భూమి యజమాని అనుమతీ ఉంటే చాలు. పోతు జింక 80 కిలోల దాకా తూగుతుంది, కండ బిగుతు, ప్రాణం గట్టిది. ఏటవాలుగా నిలబడినదాన్ని 120 గజాల్లో కొడితే రాగి తూటా ముందు జబ్బలో దూరి వెనక తొడ దగ్గర చర్మం కింద ఆగింది. త్రాసు మీద 9.5 గ్రాములు.

ఇక 300 గజాల మాట. వంద గజాలకు గురి సరిచేసిన .308 తూటా 200 దగ్గర దాదాపు 4 అంగుళాలు, 300 దగ్గర 15 అంగుళాలు కిందికి దిగుతుంది. గంటకు 10 మైళ్ల పక్కగాలి అక్కడ దాన్ని మరో 10 అంగుళాలు తోస్తుంది. జింక గుండె, ఊపిరితిత్తుల చోటు ఎనిమిది అంగుళాల వలయం. దుకాణం బల్ల దగ్గర 500 గజాల కబుర్లు చెప్పేవాళ్లతో నేను వాదించను, పెట్టె తీసుకుని వచ్చేస్తాను.

రాగికి మారేవాళ్లకు రెండు జాగ్రత్తలు. ధర మామూలు తూటాకు దాదాపు రెట్టింపు, కాబట్టి ముందు ఒక్క పెట్టె కొని మీ గొట్టానికి నచ్చుతుందో లేదో చూడండి. సీసం తూటాతో సరిచేసిన గురి దీనికి పనికిరాదు, నా రైఫిల్‌లో వంద గజాలకు రెండు అంగుళాలు ఎడమకు పోయింది. గొట్టంలోని పాత మురికిని పూర్తిగా తుడిచి, రేంజిలో మళ్లీ గురి చూసుకున్నాకే మంచె ఎక్కండి.