బడ్జెట్‌లో కట్టుకున్న మొదటి పీసీ: కొన్నేళ్లు వాడాక ఏ పార్టు గిట్టుబాటైంది, ఏది కాలేదు

పార్ట్స్ ఒక్కొక్కటీ ఏరుకుని సొంతంగా బిగించుకున్న ఈ పీసీకి కొన్నేళ్లు దాటాయి. పగలు ఆఫీస్ పని, రాత్రి గేమ్స్, మధ్యమధ్యలో కాస్త వీడియో ఎడిటింగ్, అన్నీ దీనిమీదే. కొన్న వారంలో రాసే రివ్యూల్లో ప్రతి పార్టూ సూపరే ఉంటుంది కదా, అందుకే బాగా వాడాక దేనికి పెట్టిన డబ్బు పనికొచ్చిందో, దేనికి అంత పెట్టక్కర్లేదో చెబుదామని ఇది.

ముందు కాన్ఫిగ్. ఏఎండీ రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, బీ550 మైక్రో ఏటీఎక్స్ మదర్‌బోర్డు, డీడీఆర్4 3200 ర్యామ్ 8+8, 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, 550 వాట్ల 80 ప్లస్ బ్రాంజ్ ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై), ముందు జల్లెడలా మెష్ ఉన్న క్యాబినెట్. గ్రాఫిక్స్ కార్డు లేదు, కావాలనే. లెక్క ఏంటంటే, తర్వాత నాలుగు స్క్రూలు విప్పి మార్చుకోగలిగే వాటి దగ్గర పిసినారితనం చెయ్యాలి, మార్చాలంటే మొత్తం డబ్బా ఖాళీ చెయ్యాల్సిన వాటి దగ్గర కాస్త చెయ్యి వదలాలి. అంటే ఎస్‌ఎంపీఎస్, బోర్డు, క్యాబినెట్‌కి డబ్బు, గ్రాఫిక్స్ కార్డుకి వాయిదా. ఇన్నేళ్లకీ ఆ లెక్కే కరెక్ట్ అనిపిస్తోంది, ఒక్క బోర్డు విషయంలో తప్ప, దానికి కింద వస్తా.

ప్రాసెసర్ సంగతి. 5600జీ 2021లో వచ్చింది, 6 కోర్లు 12 థ్రెడ్లు, లోపలే వేగా గ్రాఫిక్స్. ఆఫీస్ పనికి, బ్రౌజర్‌లో యాభై ట్యాబులకి ఇవాళ్టికీ ఢోకా లేదు. కార్డు లేకుండానే పాత గేమ్స్, ఆన్‌లైన్ షూటర్లు సెట్టింగ్స్ తగ్గించుకుని 1080పీలో హాయిగా ఆడా, కొత్త పెద్ద గేమ్స్ జోలికి మాత్రం పోకూడదు. ఇక్కడ ఒక మెలిక ఉంది: జీ లేని 5600లో గ్రాఫిక్స్ ఉండదు, ఇంటెల్‌లో అయితే చివర ఎఫ్ ఉన్న వాటిలో ఉండదు. నా ఫ్రెండ్ ఒకడు జీ లేనిది కొని, స్క్రీన్ నల్లగా ఉందని బోర్డు వెనక్కి పంపించేశాడు, పాపం బోర్డు చేసిన పాపమేమీ లేదు. ఇంకోటి, జీ లేని 5600లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న వేగమైన మెమరీ) 32 ఎంబీ, 5600జీలో సగమే, 16. కాబట్టి మొదటి రోజే మంచి కార్డు పెట్టేవాళ్లు జీ కొనక్కర్లేదు, ఆ క్యాష్ గేమ్స్‌లో తెలుస్తుంది.

ర్యామ్ మీద కొంచెం ఎక్కువే చెప్పాలి ఎందుకంటే అందరూ 16 జీబీ అనే నంబర్ ఒక్కటే చూస్తారు. లోపలి గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, మన ర్యామ్‌నే వాడుకుంటుంది, కాబట్టి 16 ఒకే స్టిక్ పెడితే సగం దారి మూసేసినట్టే, 8+8 పెడితే డ్యుయల్ ఛానల్‌లో ఫ్రేమ్స్ కళ్లకి కనిపించేంత పెరుగుతాయి. నాలుగు స్లాట్లు ఉన్న బోర్డుల్లో ఎక్కువగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ వాడమని మాన్యువల్లో రాసుంటుంది, పక్కపక్కన గుచ్చేసి స్పీడ్ రావట్లేదని ఏడ్చేవాళ్లని చాలామందిని చూశా. ఆ తర్వాత బయాస్‌లోకి (బోర్డు సొంత సెట్టింగ్స్ మెనూ) వెళ్లి ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి స్పీడ్‌లో నడిపే సెట్టింగ్) ఆన్ చెయ్యాలి, చెయ్యకపోతే 3200 అని డబ్బు పెట్టి కొన్న ర్యామ్ చాలా కిట్లలో 2133 దగ్గరో 2666 దగ్గరో నడుస్తూ ఉంటుంది, ఎవరూ చెప్పరు, పీసీ కూడా చెప్పదు. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో మెమరీ నొక్కితే స్పీడ్ కనిపిస్తుంది, ఒకసారి చూసుకోండి. బయాస్ అప్‌డేట్ చేసినప్పుడు ఈ సెట్టింగ్ పోతుంది, మళ్లీ పెట్టుకోవాలి.

ఎస్‌ఎంపీఎస్ అసలు హీరో. పైకి కనిపించదు, ఎవడూ పొగడడు, అందుకే బడ్జెట్ సరిపోనప్పుడు మొదటి కోత దీనిమీదే పడుతుంది, పడకూడనిది కూడా దీనిమీదే. క్యాబినెట్‌తో ఫ్రీగా వచ్చే పేరూ ఊరూ లేని యూనిట్ మీద 500 వాట్లు అని స్టిక్కర్ ఉన్నా నమ్మొద్దు, పక్కన ఉండే పట్టికలో 12 వోల్ట్ లైన్ ఎన్ని ఆంప్స్ ఇస్తుందో చూడండి, దాన్ని 12తో గుణిస్తే నిజం బయటపడుతుంది. ఇంకోటి, 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అనేవి ఎంత కరెంటు వృథా అవుతుందో చెప్పే ముద్రలు మాత్రమే, లోపల ప్రొటెక్షన్స్ బాగున్నాయో లేదో అవి చెప్పవు. అందుకే నేను వారంటీ ఎక్కువ ఏళ్లున్న మోడల్ తీసుకున్నా, కంపెనీకే నమ్మకం ఉంటేనే కదా అన్నేళ్లు రాసిస్తుంది. తర్వాత కార్డు పెట్టిన రోజు ఎస్‌ఎంపీఎస్ గురించి ఆలోచించాల్సిన పనే రాలేదు, 8 పిన్ కేబుల్ అప్పటికే లోపల చుట్టి పెట్టుంది. మాడ్యులర్ కొనేవాళ్లకి ఒక హెచ్చరిక, ఒక మోడల్ కేబుల్ ఇంకో మోడల్‌కి పెట్టొద్దు, ప్లగ్ దూరినా లోపల పిన్నుల వరస వేరేగా ఉండొచ్చు, డిస్కులు మాడిపోతాయి.

ఎస్‌ఎస్‌డీ 1 టీబీ తీసుకోవడం బెస్ట్ నిర్ణయం. ఇప్పుడు ఒక్కో పెద్ద గేమే 100 జీబీ దాటిపోతోంది, 500 అయితే ఎప్పుడూ ఏది డిలీట్ చేద్దామా అనే గొడవే. పాత రకం సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకి 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, పీసీఐఈ (కార్డులు, డిస్కులు ప్రాసెసర్‌తో మాట్లాడే దారి) 3.0 మీద నడిచే ఎన్‌వీఎంఈ 3500 దాకా వెళ్తుంది, కాగితం మీద ఆరింతలు, కానీ విండోస్ ఎక్కడంలో, రోజువారీ పనిలో ఆ ఆరింతలు నాకెప్పుడూ కనిపించలేదు, పెద్ద ఫైల్స్ కాపీ చేసినప్పుడే తెలుస్తుంది. స్పీడ్ కంటే టీఎల్‌సీనా క్యూఎల్‌సీనా (ఒక్కో మెమరీ సెల్‌లో మూడు బిట్లా నాలుగా) అన్నది చూసుకోవడం మేలు, క్యూఎల్‌సీ డిస్కుల్లో కొన్ని లోపలి తాత్కాలిక క్యాష్ నిండాక రాసే స్పీడ్‌లో హార్డ్ డిస్క్ స్థాయికి పడిపోతాయి.

ఇక బోర్డు. బీ550 కొన్నదే పీసీఐఈ 4.0 కోసం, కానీ 5600జీలో ఉన్నది 3.0 మాత్రమే, అది తెలిసే కొన్నా, ముందు ముందు ప్రాసెసర్ మారుస్తా కదా అని. ఆ ముందు ముందు ఇంకా రాలేదు, ఆ తేడా డబ్బు ఇన్నేళ్లుగా ఊరికే కూర్చుంది. నిజాయితీగా చెప్పాలంటే ఇదే ప్రాసెసర్‌కి మంచి బీ450 కూడా సరిపోయేది, కాకపోతే అది 2018 చిప్‌సెట్ కాబట్టి పాత స్టాకైతే 5000 సిరీస్‌ని గుర్తుపట్టాలంటే బయాస్ అప్‌డేట్ కావాలి.

గ్రాఫిక్స్ కార్డు చాలా కాలం తర్వాత పెట్టా, ఆర్‌ఎక్స్ 6600, సెకండ్ హ్యాండ్. 8 జీబీ, 132 వాట్లు, ఒక్క 8 పిన్ పవర్ కనెక్టర్. కొనేముందు అమ్మేవాడి పీసీలోనే ఒక బరువైన గేమ్ కాసేపు నడిపించి చూశా, స్క్రీన్ మీద చుక్కలు వస్తున్నాయా, ఫ్యాన్ గరగరలాడుతోందా అని. కార్డు పీసీఐఈ 4.0 ఎక్స్8 (అంటే ఎనిమిది లేన్లు), నా ప్రాసెసర్ వల్ల 3.0 ఎక్స్8లో నడుస్తోంది, కొద్దిగా పోతుంది, ఆడేటప్పుడు తెలియదు. అదే 6500 ఎక్స్‌టీ అయితే ఎక్స్4, పైగా 4 జీబీయే, 3.0లో బాగా దెబ్బతింటుంది, చవగ్గా వస్తోందని ఇలాంటి 3.0 ప్రాసెసర్లకి కొనొద్దు. కార్డు పెట్టాక మానిటర్ కేబుల్ కార్డుకే గుచ్చాలి, బోర్డుకి కాదు (నవ్వకండి, ఇది చాలా ఇళ్లలో జరుగుతుంది).

కూలర్ డబ్బాలో వచ్చిందే. చల్లగానే ఉంచుతుంది, కానీ ఎడిటింగ్ ఎక్స్‌పోర్ట్ పెట్టినప్పుడు చప్పుడు భరించాలి, హెడ్‌ఫోన్స్ ఉంటే ఓకే. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య ఉండే పేస్ట్ మార్చడానికి విప్పేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది, ఏఎం4లో (ఈ బోర్డు సాకెట్ రకం) పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, ఎండిపోయిన పేస్ట్‌తో కూలర్ నిటారుగా లాగితే ప్రాసెసర్ కూడా ఊడొస్తుంది. ముందు పీసీ కాసేపు వాడి వేడెక్కించి, ఆఫ్ చేసి, ప్లగ్ తీసి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి అప్పుడు ఎత్తాలి.

క్యాబినెట్ గురించి చెప్పేదేం లేదు, ముందు మెష్ ఉంటే చాలు, అద్దం బిగించిన మూసుకుపోయిన ముఖాలు ఫొటోలకే. దుమ్ము ఫిల్టర్ ఊడదీసి కడుక్కునేలా ఉండాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి.

ఇప్పుడు చూపు 5700ఎక్స్3డీ ప్రాసెసర్ మీద ఉంది, 2024 జనవరిలో వచ్చింది, 8 కోర్లు, 96 ఎంబీ ఎల్3, ఇదే సాకెట్, బయాస్ అప్‌డేట్ చాలు. అప్పుడు ఆ 4.0 కూడా పనికొస్తుంది. డబ్బాలో కూలర్ రాదు, లోపల గ్రాఫిక్స్ లేదు, రేటు చూసేటప్పుడు ఆ కూలర్ ఖర్చు కూడా కలుపుకోవాలి. 5600జీని మాత్రం అమ్మను, పాత ఏ520 బోర్డు ఒకటి దొరికితే దాంట్లో పెట్టి ఇంట్లోవాళ్లకి ఇచ్చేస్తా, వాళ్లకి కార్డు అక్కర్లేదు.