ఎనిమిదేళ్ల సోలార్ గీజర్, ఒక రోహిణి కార్తె

లోపల నీళ్లు పొగలు కక్కుతున్నా పైన గాజు మీద చెయ్యి పెడితే వేడే తెలియదు. ఎనిమిదేళ్లయినా, మేడెక్కితే ఆ గీజర్ గాజు ట్యూబుల్ని ఒకసారి తడమకుండా కిందికి దిగను.

కిటుకంతా రెండు గాజు పొరల మధ్య గాలి లేకపోవడంలోనే ఉంది. లోపలి గొట్టం మీది నల్లపూత ఎండను తాగేస్తుంది. ఆ వేడి బయటికి పోదామన్నా దారి లేదు, నీళ్లలోకే దిగాలి. కాగిన నీళ్లు తేలికై ట్యాంకులోకి ఎక్కుతాయి, చన్నీళ్లు కిందికి జారతాయి. మోటారూ లేదు, కరెంటూ లేదు. ధనుర్మాసంలో అమ్మ నాలుగున్నరకు తలస్నానం చేసేది నిన్నటి ఎండతోనే.

"దీనికి సర్వీసే అక్కర్లేదు" అని చెప్పి నెల్లూరులో మా బావ చేత కూడా కొనిపించాను. ఆ మాట ఇప్పుడైతే అనను.

మా ఒంగోలు బోరు నీళ్లకు బకెట్ అంచులే తెల్లగా పట్టేస్తాయి. ఐదో ఏడు నీళ్లు గోరువెచ్చగా రావడం మొదలైంది. ఒక ట్యూబు ఊడదీస్తే అడుగున పిడికెడు సున్నపు పెచ్చులు. మే నెలాఖరులో ప్లంబర్‌ వచ్చి, ట్యాంకు ఖాళీ చేసి, ట్యూబులన్నీ కడిగి బిగించి, "సార్, అన్నం తినొచ్చి నీళ్లు వదుల్తా" అని వెళ్లాడు. రెండు గంటలు వట్టి ట్యూబులు ఎండలో. నీళ్లు లేకపోతే లోపల 200 డిగ్రీలు దాటుతుందని నాకు అప్పుడు తెలీదు. వచ్చి వాల్వు తిప్పాడు, కాలిన గాజులోకి చన్నీళ్లు. టప్... టప్... టప్. రోహిణి కార్తెకు రోళ్లు పగిలాయో లేదో కానీ మా ట్యూబులు మూడు పగిలాయి. తప్పంతా అతనిదే అనలేను, పైన ఒక పట్టా కప్పుదామని నాకూ తోచలేదు.

ఆ మధ్య తడుముతుంటే ఒక ట్యూబు చెయ్యి చురుక్కుమనిపించింది. వంగి చూస్తే అడుగున అద్దంలా మెరవాల్సిన చోట పాలలా తెల్లబడి ఉంది. అక్కడ పూసేది బేరియం అనే లోహం, లోపలికి గాలి చొరబడితే అలా తెల్లబడుతుంది. ఆ ట్యూబు కూడా మార్పించాను, ఈసారి తెల్లవారుజామున.

మాకు నచ్చిందంటే మా బాత్రూం సరిగ్గా ట్యాంకు కిందే ఉంది, ఉండేది నలుగురం. బావ వాళ్లది రెండంతస్తుల కింద, వేడి నీళ్లు వచ్చేలోపు రెండు బకెట్లు పారబోయాలి. ఆయన ఫోన్ చేస్తే నేను సోలార్ ఊసెత్తను.