నల్లదారం కొనేవాళ్లు జాగ్రత్త, మా బలభద్రుడికి గెడ్డం వచ్చేసింది

ఒళ్లు మండిపోతూ రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

నాకా దారం అమ్మిన పేజీ పేరు రాయను. బరంపురం నుంచి ఎంబ్రాయిడరీ సామాను పంపుతుంది, "మా దగ్గర అంతా ఒరిజినలే" అని రోజుకి మూడుసార్లు స్టేటస్ పెడుతుంది. ఈ పాటికి మీకు తెలిసిపోయే ఉంటుంది ఎవరో.

మా పెద్దాడపడుచు గృహప్రవేశానికని జగన్నాథ, బలభద్ర, సుభద్రల బొమ్మ మొదలెట్టాను. క్రాస్ స్టిచ్ పని. 14 కౌంట్ ఐడా, అంటే అంగుళానికి 14 గడులుండే గుడ్డ మీద 140 గడులు అడ్డం, 98 నిలువు, అంటే 10 అంగుళాలకి 7. నాలుగు నెలలు పట్టింది. క్రాసులన్నీ అయ్యేసరికి నా దగ్గరున్న నల్లదారం అయిపోయింది, జగన్నాథుడు ఒక్కడే మింగేశాడు మొత్తం. ఇంక మిగిలింది అవుట్‌లైను. పర్లాకిమిడి నుంచి ఆటో ఎక్కితే పాతపట్నం, అక్కడ తెచ్చుకుని ఉంటే ఈ గొడవే లేదు. ఎండగా ఉందని ఫోనులో ఆర్డరు పెట్టాను. యాంకర్ 403, అంటే యాంకర్ కంపెనీ నలుపు. తక్కువలో తక్కువ ఆరు లచ్చలు తీసుకోవాలట. సరే అన్నాను. కొరియరుతో కలిపి 130 రూపాయలు, అప్పుడే ఫోన్‌పే కొట్టాను. ఎంత చవకో అని మురిసిపోయాను కూడా.

దారం వచ్చిన రోజే నాకు బుద్ధి ఉండాల్సింది. చీటీ మీద నంబరు అలికినట్టుంది. ఒక్క పోగు తీసి సూదికెక్కిస్తే నాలుగు కన్నాలు దాటేసరికి నూగు లేచిపోతోంది. అది చూసి నేనేం చేశాను? నా చేతిదే తప్పనుకుని దారం ఇంకా పొట్టిగా తెంపుకున్నాను! మహా తెలివి.

బ్యాక్ స్టిచ్, అదే ఆ అవుట్‌లైను కుట్టు, మాత్రం ప్రాణం పెట్టి కుట్టాను, ఇది చెప్పి తీరాలి. ఎందుకో కింద తెలుస్తుంది. ఒకే పోగు. ఒక గడి ముందుకెళ్లి పైకి లేవడం, వెనక్కొచ్చి పాత కుట్టు ఆగిన కన్నంలోనే దిగడం. ఏకబిగిన మూడు నాలుగు గడులు లాగితే గీత వేలాడుతుందని ఎక్కడా రెండు దాటలేదు. బలభద్రుడి చెంప ఒంపు దగ్గర నిలువు రెండు, అడ్డం ఒకటి చొప్పున ఏటవాలుగా దింపాను. అది సరిగ్గా కుదరడానికి మూడుసార్లు విప్పాను. జగన్నాథుడివి గుండ్రటి కళ్లు, అవి తేలిక. మిగతా ఇద్దరివీ కోలగా ఉంటాయి, ఒక్క గడి తప్పినా కోపంగా చూస్తున్నట్టుంటుంది. అంతా అయ్యాక గోడకి ఆనించి చూస్తే, అబ్బ, అప్పటిదాకా రంగు గడుల్లా ఉన్నవి దేవుళ్లైపోయారు.

తరవాత ఉతికాను. గడుల కోసం నీళ్లకి పోయే నీలం పెన్నుతో గీతలు గీసుకుంటాం కదా, నీళ్లు నీలంగా మారితే పెన్ను దిగుతోంది కాబోలు అనుకున్నాను. తువ్వాల్లో చుట్టి, అటక దగ్గర పెట్టి, వంటకి వెళ్లిపోయాను. విప్పేసరికి బలభద్రుడి తెల్లటి మొహంలో కింద సగం బూడిద రంగు. మా అత్తగారు కళ్లజోడు పెట్టుకుని చూసి "ఏటే, బలభద్రుడికి గెడ్డం మొలిచిందేటే?" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. సుభద్రమ్మ పసుపు మొహం చుట్టూ కూడా అంతే, సరిగ్గా కొత్త దారం గీత ఉన్నచోటల్లా. పాత దారంతో కుట్టిన జగన్నాథుడి నుంచి చుక్క రంగు దిగలేదు. ఇంకేం సాక్ష్యం కావాలి?

దారం పోయింది సరే. ఫొటో పంపి అడిగితే ఆ పేజీ ఆవిడ అన్న మాట పోవట్లేదు నాకు. ముందు "పార్సిల్ విప్పిన వీడియో ఉందా" అంది. పార్సిల్ విప్పే వీడియోలో రంగు దిగడం కనబడుతుందా తల్లీ? తరవాత రెండొందల మంది ఉన్న వాళ్ల వాట్సాప్‌ గ్రూపులో నా బొమ్మ ఫొటో పెట్టి రాసింది: "మేడం, దారం ఒరిజినలే. మీకు బ్యాక్ స్టిచ్ రాక, నల్లదారాన్ని వెనక నుంచి తెల్ల గడుల మీదుగా లాక్కుపోయారు. ఆ నీడే పైకి కనబడుతోంది. ముందు బేసిక్స్ నేర్చుకోండి." కింద దణ్ణం పెట్టే చేతుల బొమ్మ ఒకటి. దానికి పదిహేడు మంది లవ్ సింబళ్లు కొట్టారు, లెక్కపెట్టాను.

అలా లాగితే నీడ కనబడే మాట నిజమే. అందుకే నేను లాగను. ఏ గీతకా గీత ముగించి, కొస వెనక కుట్ల కింద దూర్చి కత్తిరిస్తాను. బొమ్మ తిరగేసి వెనక వైపు ఫొటో తీసి పెట్టాను. రెండు నిమిషాల్లో ఫొటో లేదు, గ్రూపులో నేనూ లేను. ఇప్పుడు నంబరు కూడా బ్లాక్. 130 రూపాయలు మొహాన కొట్టి "పొరపాటైందండీ" అని ఉంటే ఇంత రాసేదాన్ని కాదు. బ్యాక్ స్టిచ్ రాదట నాకు!

మీరైనా నలుపు, ముదురు ఎరుపు కొత్తగా కొంటే జానెడు ముక్క తడిపి తెల్ల గుడ్డలో నొక్కి చూసుకోండి, కుట్టకముందే. రంగు దిగితే ఆరనివ్వకుండా చన్నీళ్లలో జాడిస్తూనే ఉండండి, నీళ్లు తేటపడేదాకా. నాలాగ వంటకి వెళ్లిపోకండి. డబ్బు సంగతైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. నేను రేపు చేస్తాను, 130 రూపాయలకా అని నవ్వినా సరే.

పూరీలో స్నాన పూర్ణిమ అయ్యాక స్వాములకి జ్వరమొచ్చి పదిహేను రోజులు దర్శనం ఉండదు కదా, కొత్త రంగు వేసుకుని మరీ బయటికొస్తారు. మావాళ్లు బీరువాలో ఉన్నారు. రేపు మొదలెట్టి బలభద్రుడి మొహం మొత్తం విప్పాలి. గృహప్రవేశం ఇంకో పన్నెండు రోజుల్లో.