మెంటర్ సారా, కౌన్సెలరా?

విశాఖ కాలేజీల్లో పిల్లల టెన్షన్ సంగతి ఎవరు చూడాలంటే రెండు దారులు. మెంటర్ సార్ (కొందరు పిల్లల బాగోగులు చూడమని కాలేజీ అప్పగించిన లెక్చరర్) రోజూ కనిపిస్తారు కాబట్టి, మొన్నటిదాకా ముందు బెంచీలో కూర్చున్నవాడు క్లాసులు ఎగ్గొట్టి, మెస్‌కి కూడా రాకుండా రూములోనే పడుకుంటున్నాడని ముందు తెలిసేది ఆయనకే. కానీ ఇంటర్నల్ మార్కులు వేసేదీ ఆయనేగా, మనసులో మాట ఎలా చెప్తారు? కౌన్సెలర్ దగ్గర ఆ భయం లేదు, శిక్షణ కూడా ఉంటుంది, కాకపోతే ఆ గది తలుపు తట్టడానికే మొహమాటం (ఎవరైనా చూస్తే!). నన్నడిగితే గుర్తుపట్టాల్సింది మెంటర్, ఆ తర్వాత "వెళ్లి కలువు" అనేసి ఊరుకోకుండా తనే వెంట తీసుకెళ్లాలి. చచ్చిపోవాలనుంది అన్నాడంటే మాత్రం ఒంటరిగా వదలకుండా నేరుగా చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకే. అర్ధరాత్రి హాస్టల్లో మాట్లాడే మనిషి కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.