నల్లగొండలో అమెరికా ప్రయాణ శిక్షణ: మూడు రోజులు మంచివి, నాలుగో రోజు మార్చాలి

పిల్లల దగ్గరికి మొదటిసారి అమెరికా వెళ్ళే తల్లిదండ్రుల కోసం నల్లగొండలో నాలుగు రోజుల శిక్షణ ఒకటి నడుస్తోంది. పేరు రాయడం లేదు. నడిపే అబ్బాయి మంచివాడు, అతని బతుకుతెరువు దెబ్బతినడం నాకు ఇష్టం లేదు. అయినా అక్కడ కూర్చున్నందువల్ల నాకు జరిగిన మేలూ నష్టమూ రెండూ చెప్పాలి. మన పట్టణంలో వీధికి ఇద్దరు ముగ్గురి పిల్లలైనా అక్కడ ఉన్నారు. వెళ్ళబోయేవారికి ఇది పనికొస్తుంది.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. అందులో పదకొండేళ్ళు మర్రిగూడ మండలంలో గడిచాయి. మా అబ్బాయి మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ ర్యాపిడ్స్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. 2024 మే నెల మొదట్లో నేనూ మా వారూ బయలుదేరి, అక్టోబరు మొదట్లో తిరిగి వచ్చాం.

శిక్షణ రుసుము మనిషికి 3,000 రూపాయలు. మేడ మీద చిన్న గది, పన్నెండు కుర్చీలు. మధ్యాహ్నం కరెంటు పోతే ఉక్కపోత తప్పదు. మా వారికి ఒక చెవి సరిగా వినిపించదు. అది చెప్పగానే ఆ అబ్బాయి ఆయనను ముందు కుర్చీలో కూర్చోబెట్టి, నాలుగు రోజులూ ప్రతి మాటా ఆయన వైపు తిరిగి చెప్పాడు. ఎవరు ఎన్నిసార్లు అడిగినా విసుక్కోలేదు. బోధన తెలిసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆ ఓర్పు నేర్పితే వచ్చేది కాదు.

మొదటి రోజు వీసా ఇంటర్వ్యూ. ఒక్కొక్కరినీ ఎదురుగా నిలబెట్టి, అధికారిలా ప్రశ్నలు వేశాడు. ఎందుకు వెళ్తున్నారు, ఎన్నాళ్ళు ఉంటారు, మీ అబ్బాయి ఏం చేస్తాడు? మా వారు మొదటి ప్రశ్నకే అబ్బాయి ఇంజనీరింగ్ సీటు దగ్గరి నుంచి మొదలుపెట్టారు. "సార్, అడిగినంతే చెప్పండి, తరువాతి ప్రశ్న ఆయన అడుగుతారు" అని మెల్లగా దారికి తెచ్చాడు. నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో మా పని రెండు నిమిషాల్లో అయిపోయిందంటే ఆ సాధన వల్లే. తెలుగులో మాట్లాడవచ్చని కూడా అతనే చెప్పాడు. దరఖాస్తు రుసుము 185 డాలర్లు తిరిగి రాదని ముందే తెలియడంతో కాగితాలు రెండుసార్లు సరిచూసుకున్నాం.

రెండో రోజు సామాను సంగతి. మూడో రోజు విమానాశ్రయం, మందులు, బీమా. ఈ మూడో రోజు పాఠం ఒక్కటే 3,000 రూపాయలకు తగినది. వీసా పదేళ్ళకు ఇచ్చినా, అక్కడ దిగినప్పుడు అధికారి ఎన్నాళ్ళకు అనుమతిస్తే అంతవరకే ఉండాలి. ఐ-94 అనే ఆ నమోదును ఫోనులో ఎలా చూసుకోవాలో ప్రతి ఒక్కరి చేతా చేయించాడు. ప్రయాణీకుల బీమా పాత జబ్బులకు సాధారణంగా వర్తించదని, బీపీ మాత్రలు డాక్టరు చీటీతో సహా చేతిసంచిలోనే పెట్టుకోవాలని బోర్డు మీద రాసి చూపించాడు. ఇంతవరకు నేను ఎవరికైనా కళ్ళు మూసుకుని సిఫారసు చేస్తాను.

నాలుగో రోజు పాఠం పేరు "అమెరికన్ల స్వభావం". అందరికీ ఆరు పేజీల కరపత్రం పంచాడు. అది నా దగ్గర ఇప్పటికీ ఉంది. అమెరికన్లు పైకి నవ్వుతారు గాని లోపల ఏమీ ఉండదు, పలకరిస్తే ఆగి మాట్లాడకండి. వాళ్ళకు వాళ్ళ దేశం తప్ప ప్రపంచం తెలియదు, మీ ఊరి పేరు చెప్పి లాభం లేదు, ఇండియా అని ఊరుకోండి. ప్రతి ఇంట్లో తుపాకి ఉంటుంది, పక్కింటి గుమ్మం తొక్కకండి. పద్దెనిమిది నిండగానే పిల్లలను బయటకు పంపేస్తారు, ముసలివాళ్ళను ఆశ్రమాల్లో వదిలేస్తారు. ఎవరైనా ఏదైనా ఇస్తే తీసుకోకండి, తరువాత కోర్టు గొడవలు వస్తాయి. గదిలో అందరూ తల ఊపారు. నేనూ ఊపాను. ఎన్నో ఏళ్ళుగా సినిమాల్లో, టీవీల్లో చూసినదే అచ్చులో కనబడితే ఎవరికి అనుమానం వస్తుంది?

ఆ కరపత్రం నా ఏడు వారాలను మింగేసింది. అబ్బాయీ కోడలూ పనికి వెళ్ళిపోయేవారు. మా వారు టీవీ ముందు, నేను కిటికీ దగ్గర. పక్కింట్లో ఎనభై ఏళ్ళ పెద్దాయన ఒక్కరే ఉండేవారు. పొద్దున్నే గడ్డిటోపీ పెట్టుకుని టమాటా మొక్కలకు నీళ్ళు పోసేవారు. నన్ను చూసి చెయ్యి ఊపేవారు. నేను తల పక్కకు తిప్పుకునేదాన్ని. మూడో వారంలో మా గుమ్మం ముందు కాగితపు సంచి కనబడింది, లోపల తోట నుంచి అప్పుడే కోసిన ఆకుకూర. సాయంత్రం అబ్బాయి వచ్చేదాకా దాన్ని ముట్టుకోలేదు. ఎండకు అంతా వడలిపోయింది. ఇచ్చినాయన తన కిటికీలోంచి ఆ సంచిని రోజంతా చూసే ఉంటారు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు మనసు బాగుండదు. మా ఊళ్ళో ఎవరైనా పంపిన కూర గిన్నెను నేను గడప మీద వదిలేస్తానా?

జూన్ నెల చివర్లో మా వారు ఇంటి ముందు నడుస్తూ కాలు మడతపడి కూలబడ్డారు. నేను తలుపు తీసేలోపే పక్కింటి పెద్దాయన వచ్చి, మా వారిని లేపి మెట్ల మీద కూర్చోబెట్టి, మంచుగడ్డల సంచి తెచ్చి మడమకు పెట్టారు. మీది ఇండియాలో ఎక్కడ అని అడిగారు. కరపత్రం గుర్తొచ్చి, హైదరాబాద్ దగ్గర అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "ఆ చుట్టుపక్కల ఊరి పేరు నాకొకటి తెలుసు, నాల్‌గోండా" అన్నారు.

ఒక్క క్షణం నాకు మాట రాలేదు.

ఆయన ఊరి నీటిశుద్ధి కేంద్రంలో పనిచేసి రిటైరయ్యారు. తరువాత చర్చివాళ్ళతో కలిసి బావులు తవ్వే పనికి ఇథియోపియాలోని రిఫ్ట్ లోయకు వెళ్ళారు. అగ్నిపర్వతాల రాయి ఉన్న నేల, నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. దాన్ని తీయడానికి అక్కడ వాడి చూసిన పద్ధతికి మన జిల్లా పేరే, నల్లగొండ పద్ధతి. నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించినది. నీళ్ళలో సున్నం, పటిక వేసి కలిపి, గంటసేపు తేరనిచ్చి పైనీళ్ళు వాడుకోవడం. మర్రిగూడలో పిల్లలకు నేను బకెట్ పెట్టి చేసి చూపించిన పాఠమే అది. మా నీళ్ళలోనూ ఫ్లోరైడ్ ఎక్కువే కాబట్టి, నా తరగతిలో పళ్ళ మీద గోధుమరంగు చారలు లేని పిల్లలు అరుదు. కొందరి మోకాళ్ళు వంగిపోయి ఉండేవి.

పెద్దాయన అక్కడే మెట్ల పక్కన చతికిలబడి, మట్టిలో పుల్లతో బకెట్ బొమ్మ గీశారు. కుళాయి ఎక్కడ పెట్టేవారు అని అడిగారు. అడుగున కాదు, నాలుగు వేళ్ళ ఎత్తున, మడ్డి రాకుండా అన్నాను. సరిగ్గా అక్కడే ఆయన పుల్లతో గీత గీశారు. రోజూ కలపడం ఇథియోపియాలో ఆడవాళ్ళకు విసుగొచ్చి కొన్నాళ్ళకు మానేశారని చెప్పారు. మా దగ్గరా అంతే, ఆ బకెట్లలో తరువాత పప్పులు పోసుకున్నారని నేను చెప్పాను. ఆ తరువాత కృష్ణా నీళ్ళు కుళాయిల్లో వచ్చిన సంగతీ, మిషన్ భగీరథ తాగునీటి పథకం పైలాన్ చౌటుప్పల్‌లో ఉన్న సంగతీ చెబితే ఊరి పేర్లు రాసివ్వమన్నారు.

ఇంకో సంగతి చెప్పి ఆయన నన్ను ఆశ్చర్యపరిచారు. పళ్ళు పుచ్చిపోకుండా తాగునీటిలో ఫ్లోరైడ్ కలపడం ప్రపంచంలో మొదట ప్రారంభించిన ఊరు ఈ గ్రాండ్ ర్యాపిడ్సే, 1945 జనవరిలో. ఆయనకు అప్పటికి ఏడాది కూడా నిండలేదు. పదిహేనేళ్ళపాటు పరీక్షించిన సుమారు 30,000 మంది బడిపిల్లల్లో తానూ ఒకడినని నోరు తెరిచి పళ్ళు చూపించారు. ఇప్పుడు అక్కడ లీటరుకు 0.7 మిల్లీగ్రాములు సరైన మోతాదు అంటారు. మన దేశంలో 1.5 దాటితే ప్రమాదం. మా జిల్లా మొత్తం నీళ్ళలోంచి తీసేయాలని పోరాడిన పదార్థాన్ని కొలిచి కలపడమే ఆయన ఉద్యోగం. ఆ సాయంత్రం మేమిద్దరం చీకటిపడేదాకా మాట్లాడుకున్నాం. తెచ్చిన సకినాల్లో సగం ఆయనకే ఇచ్చాను.

జూలైలో ఆయనే నన్ను గ్రంథాలయంలో ఉచితంగా నడిచే ఇంగ్లీషు సంభాషణ తరగతికి తీసుకెళ్ళారు. ఒకరోజు అక్కడ నేర్పే ఆవిడ, ఇక్కడికి రాకముందు అమెరికన్ల గురించి ఏం విన్నారో మొహమాటం లేకుండా చెప్పమన్నారు. పోలండ్ నుంచి వచ్చిన ఒకామె, కారణం లేకుండా నవ్వేవాళ్ళను తమ ఊళ్ళో నమ్మరని, అందుకే ఇక్కడ అందరూ నటిస్తున్నారని అనుకున్నానని చెప్పింది. బ్రెజిల్ అమ్మాయి దానికి పూర్తిగా అడ్డం తిరిగింది. వీళ్ళు దగ్గరికి రారు, కౌగిలించుకోరు, మధ్యాహ్నం భోజనం కూడా బల్ల దగ్గర ఒంటరిగా తింటారు, ఇంత చల్లటి మనుషులను చూడలేదంది. చైనా అవ్వకు మనుషులతో పేచీ లేదు, చలికాలంలోనూ ఐసు వేసుకుని నీళ్ళు తాగడమే ఆమెకు అర్థం కాలేదు. ఒకే ఊరి మనుషులు ఒకరికి అతిచొరవగా, ఒకరికి ముభావంగా ఎలా కనిపిస్తారు? చిన్న పొడవులు కొలిచే వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచేముందు శూన్యాంశ దోషం, అంటే ఏమీ పెట్టకముందే పరికరం సున్నా చూపుతోందో లేదో, చూసుకోమని ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పాను. మనం ఇంటి నుంచి తెచ్చుకున్న కొలతలో ఉన్న దోషాన్ని ఎదుటివారి స్వభావమని రాసుకుంటున్నామని ఆరోజు తెలిసింది.

ఆ రాత్రి మా అబ్బాయి కొన్ని లెక్కలు చూపించాడు. 2005లో జనాభిప్రాయాలు సేకరించే ప్యూ పరిశోధన సంస్థ 16 దేశాల్లో అడిగితే, చాలా దేశాలవారు అమెరికన్లను కష్టపడి పనిచేసేవారన్నారు, కొత్తవి కనిపెట్టేవారన్నారు. దురాశాపరులు, హింసాపరులు అన్నవారూ చాలామందే. పద్దెనిమిదికి పిల్లలను పంపేస్తారన్న మాటకు మరో లెక్క ఉంది. కరోనా కాలంలో, 2020 జూలైలో, 18 నుంచి 29 ఏళ్ళవారిలో 52 శాతం తల్లితోనో తండ్రితోనో కలిసే ఉన్నారు. తుపాకుల భయం గాలి కబురు కాదు, పదింట నాలుగు వంతుల మంది పెద్దవాళ్ళు తుపాకి ఉన్న ఇళ్ళలోనే ఉంటారట. కానీ ప్రతి ఇంట్లో అని అచ్చు వేస్తే పక్కింటికి పోయే దారి మూసుకుపోతుంది.

తిరిగి వచ్చాక ఆ కరపత్రం పట్టుకుని శిక్షణ కేంద్రానికి వెళ్ళాను. ఆ అబ్బాయి నొచ్చుకోలేదు. తను ఇంతవరకు అమెరికా వెళ్ళలేదని, తిరిగి వచ్చిన తల్లిదండ్రులు చెప్పినవి రాసుకుని ఆ పాఠం తయారుచేశానని ఒక నోటుపుస్తకం చూపించాడు. చదివాను. ఏదీ అబద్ధం కాదు. ఎవరో ఒకరికి ఒక్కరోజు జరిగినదే. ఎవరి ఇంటికో చెప్పకుండా వెళితే తలుపు తీయలేదు. ఇంకెవరికో దుకాణంలో ఇండియా ఎక్కడుందో తెలియని కుర్రవాడు తగిలాడు. ఆ ఒక్క రోజు పక్కన "అమెరికన్లు" అనే బహువచనం చేరేసరికి దాదాపు 34 కోట్ల మంది స్వభావం అయిపోయింది. వెళ్ళేముందు ఫోను చేయాలన్న వాక్యం మాత్రం ఉంచమన్నాను, అది నిజం, వాళ్ళు నిజంగానే అలా కోరుకుంటారు.

నేను ఇచ్చే మార్కులు ఐదుకు మూడున్నర. కొత్త బ్యాచ్ దసరా తరువాత మొదలవుతుంది. నాలుగో రోజు పాఠం నన్ను చెప్పమన్నాడు, డబ్బు తీసుకోనని ఒప్పుకున్నాను. గ్రాండ్ ర్యాపిడ్స్ పెద్దాయన వీడియోలో వచ్చి మాట్లాడతానన్నారు. ఆయన పదింటికల్లా పడుకుంటారు కాబట్టి ఆ తరగతి ఒక్కటి ఉదయం ఆరున్నరకు పెట్టించాను, అక్కడ రాత్రి తొమ్మిది అవుతుంది. చేరేవాళ్ళు ఆరుంబావుకల్లా వచ్చి కూర్చోండి.