ప్రయోగానికి ముందే గణాంకం: ఈడీఏపై ఒక అధ్యాపకుని సమీక్ష

జీవశాస్త్రాల్లో పీజీ చదివే విద్యార్థులకు గణాంకశాస్త్రం చెప్పేవారికి ఒక ప్రశ్న బాగా పరిచయం. ప్రాజెక్టు ముగిశాక, కొలతలన్నీ ఎక్సెల్‌లో నింపుకొని వచ్చి, "సార్, దీనికి ఏ టెస్టు చేయాలి?" అని అడుగుతారు. ప్రయోగం వేసిన తీరులోనే పొరపాటు ఉంటే, అప్పటికి ఏ టెస్టూ దాన్ని సరిదిద్దలేదు. ఆ ప్రశ్నను ప్రయోగానికి ముందే అడిగించడానికి నాకు బాగా అక్కరకు వచ్చింది, జంతు ప్రయోగాలను తగ్గించడానికి కృషిచేసే బ్రిటన్‌లోని ఎన్‌సీ3ఆర్స్ సంస్థ 2015లో ఉచితంగా అందుబాటులోకి తెచ్చిన ఎక్స్‌పెరిమెంటల్ డిజైన్ అసిస్టెంట్ అనే ఆన్‌లైన్ సాధనం, అంటే ఈడీఏ.

ఇందులో విద్యార్థి తన ప్రయోగాన్ని బొమ్మగా గీయాలి. జంతువులను ఏ గ్రూపులుగా విడదీస్తున్నాం, ఏ గ్రూపుకు ఏ మందు ఇస్తున్నాం, ఏమి కొలుస్తున్నాం, ఎలా విశ్లేషిస్తాం అన్న ప్రతి అంశానికీ ఒక గడి ఉంటుంది; వాటిని బాణాలతో కలుపుకుంటూ పోవాలి. గీసిన తరువాత పరిశీలించమని అడిగితే, ఈడీఏ ఆ బొమ్మలోని లోపాలను చూపి, తగిన విశ్లేషణ పద్ధతులను సూచిస్తుంది.

నా దృష్టిలో దీని అసలు విలువ 'ప్రయోగ యూనిట్' దగ్గర, అంటే విడిగా ఒక మందు కేటాయించగల అతి చిన్న భాగం ఏదో తేల్చే చోట తెలుస్తుంది. మందును తాగునీటిలో కలిపి, గ్రూపుకు రెండు బోనుల చొప్పున, బోనుకు ఐదేసి చుంచెలుకలను పెట్టామనుకుందాం. గ్రూపుకు శాంపిల్ సైజు ఎంత అని అడిగితే తరగతి అంతా 10 అంటుంది. కానీ ఒక బోనులోని ఎలుకలన్నీ ఒకే సీసా నీళ్లు తాగుతున్నాయి. వాటికి వేర్వేరుగా మందు కేటాయించే వీలు లేదు కనుక ప్రయోగ యూనిట్ బోనే, శాంపిల్ సైజు 2 మాత్రమే. నల్లబల్ల మీద ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తల ఊపి మరచిపోయే విద్యార్థి, ప్రయోగ యూనిట్ గడిలో ఏమి రాయాలో తేల్చుకోవలసి వచ్చినప్పుడు ఆగి ఆలోచిస్తాడు. ఆ ఆలోచన కోసమే నేను గంట సమయం కేటాయిస్తాను.

ర్యాండమైజేషన్ జాబితాను, అంటే ఏ జంతువు ఏ గ్రూపులోకి వెళ్లాలో యాదృచ్ఛికంగా నిర్ణయించే జాబితాను కూడా ఈడీఏయే తయారుచేస్తుంది. దాన్ని ప్రయోగంతో సంబంధం లేని మరొకరికి పంపే సదుపాయం ఉండటంతో, బ్లైండింగ్ (ఏ జంతువు ఏ గ్రూపులో ఉందో ప్రయోగం చేసేవారికి తెలియకుండా ఉంచడం) ఆచరణలో ఎలా సాధ్యమో విద్యార్థులకు అర్థమవుతుంది.

శాంపిల్ సైజు లెక్క మాత్రం రెండు గ్రూపులను పోల్చే టీ-టెస్టుకే పరిమితం. 5 శాతం సిగ్నిఫికెన్స్ (లేని తేడాను ఉందనుకునే అవకాశం), 80 శాతం పవర్ (ఉన్న తేడాను పట్టుకునే అవకాశం) తీసుకుంటే, ఒక ప్రామాణిక విచలనమంత (కొలతలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలతంత) తేడాను పట్టుకోవడానికి గ్రూపుకు 17 జంతువులు కావాలి. అందులో సగం తేడాకు 64 కావాలి. ఈ రెండు సంఖ్యలను పక్కపక్కన చూసిన తరువాత, "అందరూ ఆరే వాడుతున్నారు" అన్న సమాధానం తరగతిలో నిలవదు. మన దేశంలో జంతు ప్రయోగాల నైతిక కమిటీకి దరఖాస్తు చేసేటప్పుడు జంతువుల సంఖ్యకు కారణం చూపాలి కాబట్టి, ఈ అభ్యాసం పరిశోధనలో చేరాక కూడా పనికివస్తుంది. ఇంతకంటే క్లిష్టమైన రూపకల్పనలకు వేరే సాఫ్ట్‌వేర్ వెతుక్కోక తప్పదు.

ఇది జంతు ప్రయోగాల కోసం తయారైంది. వృక్షశాస్త్ర విద్యార్థులకు చెప్పేటప్పుడు నేను జంతువు స్థానంలో కుండీని, బోను స్థానంలో ట్రేని ఊహించుకోమంటాను; గ్రీన్‌హౌస్‌లో కిటికీ వైపు ఎండ ఎక్కువ పడటాన్ని బ్లాక్‌గా (ఒకేలాంటి పరిస్థితులున్న కుండీల సమూహంగా) చూపిస్తారు. ర్యాండమైజేషన్, బ్లాకింగ్ అనే భావనలకు గణాంక శాస్త్రవేత్త ఫిషర్ రూపం ఇచ్చింది ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రం పంట పొలాల్లోనే కాబట్టి, ఈ అన్వయం అసహజమేమీ కాదు. అయితే పొలంలో సర్వే చేసేవారికి, రోగుల రికార్డులతో పనిచేసేవారికి ఇది సరిపోదు.

తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికి ఇందులోని ఇంగ్లీషు పదజాలం మొదట్లో అడ్డుపడుతుంది. అందుకే తొలి తరగతిలో కంప్యూటర్ తెరవనివ్వను. ఇద్దరిద్దరుగా కూర్చుని కాగితం మీద తెలుగు మాటలతోనే బొమ్మ గీయిస్తాను. ఈడీఏ రెండో తరగతిలో మొదలవుతుంది.